జవాబు ముందే అచ్చువేస్తే ఇక ప్రయోగమెందుకు?

సంపాదకులకు నమస్కారాలు.

అయ్యా,

మీ పత్రిక శ్రీకాకుళం జిల్లా సంచిక సరిహద్దు దాటి మా పర్లాకిమిడికి ప్రతి ఉదయం వస్తుంది. ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే మా వంటి కుటుంబాలలో పిల్లలు తెలుగు చదవడం మరిచిపోకుండా ఉండడానికి మీరు వారానికొకసారి వేసే విద్యార్థుల పేజీ ఎంతో ఉపకరిస్తున్నదని ముందుగా కృతజ్ఞతతో చెప్పుకోవాలి. ఇటీవల ఆ పేజీలో కొవ్వొత్తి ప్రయోగం ఒకటి వచ్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తిని నిలబెట్టి, దానిపై గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరి గ్లాసులోకి నీరు ఎక్కుతుందని, గ్లాసులోని ఆక్సిజన్ ఖర్చయిపోయి ఏర్పడిన ఖాళీలోకే ఆ నీరు చేరిందని, అది దాదాపు ఐదో వంతు ఉంటుందని, గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు ఉన్నదనడానికి ఇదే రుజువని అందులో రాశారు. నీరు ఎక్కడం నిజమే. గాలిలో ఆక్సిజన్ ఇంచుమించు 21 శాతం ఉన్న మాటా నిజమే. ఈ రెంటినీ కలిపిన వివరణ మాత్రం సరైనది కాదు.

ఆ పొరపాటును ఎత్తిచూపి సవరణ వేయమని అడగడంతో ఆగితే ఈ ఉత్తరం నాలుగు వాక్యాలతో ముగిసేది. కాని ఇదే వివరణను నేను కూడా చాలాకాలం పిల్లలకు చెప్పాను. ఈ జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో ముప్పయ్యేళ్ళకు పైగా విజ్ఞానశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో మొదటి పన్నెండు పదమూడేళ్ళు కొవ్వొత్తిని బల్ల మీద పెట్టి, నేనే వెలిగించి, నేనే గ్లాసు బోర్లించి, ‘చూశారా, ఐదో వంతు ఎక్కింది’ అని నేనే చెప్పి, ఆ మాటను పిల్లల చేత రికార్డులో రాయించాను. ఎక్కిన నీటిని స్కేలు పెట్టి కొలిచి చూసింది ఒక్కనాడూ లేదు. ఆ తప్పు నాకు ఎలా తెలిసివచ్చిందో వివరంగా చెప్పాలనుకొంటున్నాను. తరగతి గదిలో ప్రయోగమంటే ఏమిటన్న నా అవగాహన ఆ రోజుతోనే మారింది.

మా పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరు పొందిన ఊరు. ఏడో తరగతిలో ఆ పని చేసే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ఒకర్తె ఉండేది. పశువుల కొమ్మును సెగ చూపి మెత్తబరచడం, వంచడం, చల్లారనిచ్చి ఆకారం నిలపడం రోజూ ఇంట్లో చూస్తూ పెరిగిన పిల్ల. నేను ఎప్పటిలాగే కొవ్వొత్తి ప్రయోగం చూపి రికార్డు తెరవమన్నప్పుడు ఆమె లేచి, ‘మాస్టారండీ, ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీరు ఇంకా ఎక్కుతుందాండీ?’ అని అడిగింది. గ్లాసు అదే, గ్లాసులోని గాలీ అదే, ఆ గాలిలోని ఆక్సిజనూ అంతే కాబట్టి ఎక్కే నీరూ అంతే ఉంటుందని నేను చెప్పాను. నేను నేర్పిన సిద్ధాంతం ప్రకారం వేరే జవాబు రావడానికి వీల్లేదు. ‘అయితే పెట్టి చూద్దామండీ’ అన్నది. బల్ల సొరుగులో కొవ్వొత్తి ముక్కలు ఉండనే ఉన్నాయి. మూడింటిని ఒకచోట గుచ్చెత్తి నిలబెట్టి, వెలిగించి, అదే గ్లాసు బోర్లించాం. నీరు మొదటిసారి కంటే స్పష్టంగా పైకి వచ్చింది. గ్లాసు అంచు ఎక్కడో సరిగా ఆనలేదేమోననుకొని మళ్ళీ చేశాను. మూడోసారి ఆ అమ్మాయి చేతనే చేయించాను. అదే ఫలితం.

అప్పుడు వెనుక బల్ల మీది ఒక అబ్బాయి, మూడు కొవ్వొత్తులు ఉంటే అవే కొంత చోటు ఆక్రమిస్తాయి కనుక నీరు పైకి వచ్చినట్లు కనిపిస్తున్నదేమో అన్నాడు. ఇది చాలా మంచి సందేహం. బిందెలో చెంబు ముంచితే నీరు పొంగడం చూసిన ఎవరికైనా రావలసిన సందేహం, నాకు మాత్రం రాలేదు. దానికి పరిష్కారం కూడా పిల్లలే చెప్పారు. గ్లాసు కింద మూడు కొవ్వొత్తులనూ ప్రతిసారీ ఉంచాలి. మొదట ఒక్కదానినే వెలిగించాలి, తరువాత మూడింటినీ వెలిగించాలి. గ్లాసు బయట నిలువుగా కాగితపు పట్టీ అంటించి, నీరు ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టాలి. మరునాడు ఎనిమిది గుంపులుగా విడిపోయి అలాగే చేశారు. ఎనిమిది పట్టీల మీదా మూడు వెలిగించినప్పటి గీతే పైన ఉన్నది. ఒకే ఒక్క అంశాన్ని మార్చి మిగిలినవన్నీ యథాతథంగా ఉంచడమనే పద్ధతిని నేను పాఠంగా ఎన్నోసార్లు చెప్పినా, అది తరగతిలో నిజంగా పుట్టడం చూసింది ఆ రోజే.

చేతులతో చేస్తున్నప్పుడు వారి కళ్ళకు మరో రెండు సంగతులు కనిపించాయి. గ్లాసు బోర్లించిన మరుక్షణం దాని అంచు కింద నుంచి బుడబుడమని బుడగలు బయటికి వచ్చాయి. మంట వెలుగుతున్నంతసేపూ నీరు పెద్దగా ఎక్కలేదు. దీపం కొండెక్కిన తరువాతనే గబగబా ఎక్కింది. ఆక్సిజన్ ఖర్చుకావడమే కారణమైతే మంట ఉన్నంతసేపూ నీరు నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి, మంట ఆరగానే ఆగిపోవాలి. జరిగింది దానికి సరిగ్గా విరుద్ధం. ఇన్నేళ్ళుగా నా ఎదుట ఆ బుడగలు వస్తూనే ఉన్నా, ఏమి కనిపించాలో ముందే తెలిసిన నేను వాటిని చూడలేదు.

కారణం వేడి. గ్లాసు బోర్లించేటప్పటికే మంట చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. లోపల ఇంకా వేడెక్కిన కొద్దీ కొంత గాలి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకొంటుంది, లోపలి పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణ పీడనం పళ్ళెంలోని నీటిని లోపలికి తోస్తుంది. మూడు కొవ్వొత్తులు ఎక్కువ గాలిని వేడెక్కించి ఎక్కువ గాలిని బయటికి పంపుతాయి కనుకనే ఎక్కువ నీరు ఎక్కుతుంది. నిజానికి కొవ్వొత్తి గ్లాసులోని ఆక్సిజన్‌నంతా వాడుకోలేదు. 21 శాతం ఉన్నది 16, 17 శాతానికి దిగేసరికే మంట నిలవలేక ఆరిపోతుంది. వాడుకొన్న ఆక్సిజన్‌ కూడా ఊరికే మాయం కాదు. మైనం మండేటప్పుడు మూడు పాళ్ళ ఆక్సిజన్ ఖర్చయితే ఇంచుమించు రెండు పాళ్ళ కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది, దానితోపాటు నీటి ఆవిరి పుట్టి గ్లాసు లోపలి గోడకు చెమ్మగా పడుతుంది. కాబట్టి ఆక్సిజన్ ఖర్చువల్ల తగ్గే ఘనపరిమాణం చాలా కొద్ది. ఇదంతా సూత్రాలతో చెప్పనక్కరలేకుండానే పిల్లలకు నమ్మకం కలిగించే మార్గం ఒకటుంది: ఖాళీ గాజు సీసాను గోరువెచ్చని కంటే కాస్త వేడి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, వెంటనే దాని మూతిని పళ్ళెంలోని చల్లని నీటిలో బోర్లించి పట్టుకొంటే, మంట లేకుండా, కొవ్వొత్తి లేకుండా, నీరు సీసాలోకి ఎక్కుతుంది. సీసా పైన తడిగుడ్డ వేస్తే ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఇది చేసి చూద్దామన్నది కూడా కొమ్ము పనివారి అమ్మాయే. ‘సెగ తగిలితే సాగింది, చల్లారితే ముడుచుకొన్నదండీ’ అని తన ఇంటి మాటలో తానే చెప్పింది.

ఆ సంవత్సరం నుంచి నేను రికార్డులు రాయించే పద్ధతి మానుకొన్నాను. మన పాఠశాలల్లో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం అన్న ఐదు శీర్షికలూ ప్రయోగానికి ముందే నల్లబల్ల మీద ఉంటాయి. చూడకముందే పరిశీలన రాసిన పిల్లవాడికి చూడవలసిన అవసరం ఏముంటుంది? ఏదైనా తేడా వస్తే ప్రయోగం చెడిపోయిందని చెప్పి పుస్తకంలో ఉన్నదే రాయమంటాం. తన కళ్ళు చూసినదాని కంటే అచ్చులో ఉన్నదే నిజమని విజ్ఞానశాస్త్రం తరగతిలోనే నేర్పడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, అందులోనూ నా చేతులతో కొన్ని వందల మందికి అలా నేర్పానన్న బాధ మరీ ఎక్కువ.

ఇక పరికరాల మాట. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ప్రయోగశాల సామగ్రి ఉన్న బీరువాకు ఎప్పుడూ తాళమే. ఏదైనా పగిలితే లెక్క చెప్పుకోవలసిన వ్యక్తి ఉపాధ్యాయుడే కనుక తాళం తీయడానికి ఎవరికీ మనసొప్పదు. తనిఖీ జరిగే రోజు బల్ల మీద తెల్లగుడ్డ పరచి బీకర్లు, పరీక్షనాళికలు వరుసగా పేర్చేవారు. సాయంత్రానికి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవారు. ఒక విద్యుత్ అయస్కాంతం పెట్టె నేను చేరిన రోజు ఏ కాగితం చుట్టి ఉన్నదో, బదిలీ అయిన రోజు కూడా ఆ కాగితంలోనే ఉన్నది. అదే సమయంలో బయట సైకిల్ దుకాణంలో పాత ట్యూబు ముక్కలు, వాల్వు గొట్టాలు, పాడైన స్పీకర్లోని అయస్కాంతాలు అడిగితే ఊరికే ఇచ్చేవారు. ఆ అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మహేంద్రతనయ నది ఇసుకలో తిప్పి, అంటుకొన్న నల్లని రేణువులను పోగుచేసిన పిల్లలకు ఇసుక అంటే ఒకే పదార్థం కాదని వేరుగా చెప్పవలసిన పని రాలేదు.

మా సరిహద్దు ప్రాంతంలో ఈ విషయానికి మరో ముఖం ఉన్నది, దాన్ని శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు కూడా చెప్పవలసిన అవసరం ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు చేరింది. ఇక్కడి తెలుగు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలో చదువుకొంటారు. కొందరు పక్కనున్న పాతపట్నం వెళ్ళి తెలుగులో చదువుకొంటారు. కొండల మీది నుంచి వచ్చే సవర పిల్లలకు రెండూ ఇంటి భాషలు కావు. ఇటువంటి తరగతిలో పాఠం చదివి వినిపిస్తే, వాక్యం అర్థమయ్యేలోపే విషయం దాటిపోతుంది. అదే పిల్లల చేతికి ఒక బ్యాటరీ సెల్, టార్చి బల్బు, తీగ ముక్క ఇచ్చి బల్బు వెలిగించమంటే, మూడు భాషల పిల్లలూ ఒకే బల్ల చుట్టూ చేరి, ఎవరి మాటలో వారు వాదించుకొంటూ పనిచేస్తారు. సంవత్సరమంతా నోరు విప్పని పిల్లవాడు తీగను ఎక్కడ ఆనించాలో పక్కవాడికి చూపించడం నేను ఎన్నోసార్లు చూశాను. పని ముందు జరిగి పేరు తరువాత వస్తే, ఆ పేరు ఏ భాషలో ఉన్నా పట్టుబడుతుంది.

పేర్ల ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. ఒడియా పుస్తకంలో ఆక్సిజన్‌ను అమ్లజాన అంటారు. మన తాతల నాటి తెలుగు పుస్తకాల్లో అదే ఆమ్లజని. రెంటికీ అర్థం ఆమ్లాన్ని పుట్టించేది అనే. 18వ శతాబ్దంలో లావోయిజర్ అన్ని ఆమ్లాలలోనూ ఈ వాయువు ఉంటుందని భావించి ఆక్సిజన్ అని పెట్టిన పేరుకు ఇవి అనువాదాలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనేలేదని 1810 నాటికి హంఫ్రీ డేవీ ప్రయోగాలతో తేల్చాడు. ఆ భావన పోయింది, పేరు మాత్రం మిగిలింది. ఇంతటి శాస్త్రవేత్త కూడా పొరబడ్డాడని, ఆ పొరపాటును మరొకరు చేసి చూసి సరిదిద్దారని చెప్పినప్పుడు మా తరగతిలో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు తీసి ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకొని చూశారు.

ఈ ఊరికే 1880లో పదిహేడేళ్ళ వయసులో ఉపాధ్యాయుడిగా వచ్చిన గిడుగు వెంకట రామమూర్తి గారు సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు సిద్ధం చేశారు. తెలుగులోనూ జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితాంతం పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా మాతృభాష గురించి ఉపన్యాసాలు వింటున్నాం. విజ్ఞానశాస్త్రం రికార్డులో మాత్రం పిల్లలు ‘ద్రావణం వర్ణ పరివర్తన చెందినది’ అని రాస్తేనే మార్కులు వేస్తాం, ‘పసుపు నీళ్ళు ఎర్రగా మారాయి’ అని రాస్తే కొట్టివేస్తాం.

పసుపు సంగతినే తీసుకోండి. పిల్లవాడికి దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేయడం మన ఇళ్ళలో తెలియనివారు లేరు. పెళ్ళిలో పాదాలకు పెట్టే పారాణి కూడా పసుపూ సున్నమే. అంటే ప్రతి తెలుగు పిల్లా ఒక రసాయన పరీక్షను ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తూనే ఉన్నది. దాన్ని మనం పాఠంలోని సూచిక (ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే పదార్థం) అన్న మాటతో కలపడం లేదు, అంతే. పలచని కాగితాన్ని పసుపు నీళ్ళలో ముంచి నీడలో ఆరబెట్టి పట్టీలుగా కత్తిరించుకొంటే ఏడాది పొడవునా సరిపోతాయి. సున్నపు తేట వేస్తే ఎరుపు, బట్టల సబ్బు నీళ్ళు వేస్తే ఎరుపు. ఆ ఎర్రటి చోట నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు. ఇక్కడిదాకా చాలా పుస్తకాల్లో ఉన్నది. ఇక్కడ ఆపకుండా, నురగ వచ్చేవన్నీ పసుపును ఎర్రబరుస్తాయా అని అడిగి చూడండి. సబ్బు చూసిన పిల్లలు అవుననే అంటారు. అప్పుడు కుంకుడుకాయ రసం ఇవ్వండి. నురగ సబ్బులాగే వస్తుంది, పసుపు కాగితం మాత్రం పసుపుగానే ఉంటుంది. ఎందుకంటే కుంకుడు రసానికి ఉన్నది కొద్దిపాటి ఆమ్ల గుణమే. నురగకు, క్షారానికి సంబంధం ఉండితీరాలనుకొన్న పిల్లల ముఖాల్లో ఆ క్షణంలో కనిపించే ఆశ్చర్యం కోసమే నేను ఆ ప్రయోగాన్ని ఏటా ఎదురుచూసేవాణ్ణి. ఆ తరువాత వాళ్ళు శీకాయ, చింతపండు, బూడిద నీళ్ళు, వంటసోడా, అమ్మ వాడే గిన్నెల సబ్బు అన్నీ తెచ్చేవారు. ఏది ఎటు పడుతుందో ముందుగా ఊహించి చీటీ మీద రాసి, ఆ తరువాతే చుక్క వేయాలన్నది ఒక్కటే నా నిబంధన.

నీడ కర్ర గురించి కూడా చెప్పాలి. దీనికి ఖర్చు అసలే లేదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడన్నది మనందరి నోటా ఉన్న మాట. పర్లాకిమిడి ఇంచుమించు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది కనుక ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే: మే నెల మధ్యలో ఒకసారి, జులై 28, 29 ప్రాంతంలో మరొకసారి. మీటరు పొడవు కర్రను బడి ఆవరణలో నిలువుగా పాతి, వారానికొకరోజు మధ్యాహ్నపు అతి పొట్టి నీడ కొసన మేకు కొడుతూ పోతే పిల్లలకు సంవత్సరం నేల మీద గీసినట్లు కనిపిస్తుంది. డిసెంబరు 22 ప్రాంతంలో ఆ నీడ 91 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి సాగుతుంది. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో 34 సెంటీమీటర్లు ఉంటుంది. జూన్ 21న ఎనిమిది సెంటీమీటర్లే, అదీ దక్షిణం వైపు! మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందని నమ్మిన పిల్లలు అది కర్రను దాటి దక్షిణానికి రావడం చూసి, కర్ర ఒరిగిందేమోనని దారానికి రాయి కట్టి వేలాడదీసి సరిచూశారు. మేలో బడులకు సెలవులు. జులై ఆఖరున వాన మబ్బులు. అయినా ఆ రెండు మూడు రోజుల్లో పన్నెండు గంటల వేళ అయిదు నిమిషాలు ఎండ కాస్తే చాలు, నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుపోవడం చూడవచ్చు. నా ముప్పయ్యేళ్ళలో అది రెండుసార్లే పిల్లలతో కలిసి చూడగలిగాను. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదని, నీడనే చూడాలని మాత్రం గట్టిగా చెప్పాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను అతలాకుతలం చేసింది. వానను సెంటీమీటర్లలో ఎలా కొలుస్తారని ఆ తరువాత పిల్లలు అడిగారు. నిలువు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దానినే గరాటులా బోర్లించి, పక్కన స్కేలు అంటిస్తే వానమాపకం తయారవుతుంది. సీసా అడుగు మిట్టపల్లాలుగా ఉంటుంది కనుక సున్నా గీత దాకా ముందే నీళ్ళు పోసి ఉంచాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు అని చెప్పగానే, తమ బడి కప్పు మీద ఎన్ని బిందెలు పడ్డాయో పిల్లలు లెక్క వేసుకొన్నారు.

ఇదంతా పల్లె బడుల్లో పెద్ద ఎత్తున జరిగే పని కాదనేవారికి ఒక ఉదాహరణ చాలు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు పాఠశాలలతో మొదలైన విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు చిన్న గుంపులుగా ప్రయోగాలు చేసి, తాము చూసినదాని నుంచి పాఠాన్ని తామే కట్టుకొనేవారు. అది క్రమంగా సుమారు వెయ్యి పాఠశాలలకు విస్తరించి ముప్పయ్యేళ్ళు నడిచింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు గొట్టాలతో ఆకారాలు కట్టించే పద్ధతిని అరవింద్ గుప్తా గారు అక్కడే 1970లలో ప్రారంభించారు. చెత్త నుంచి బొమ్మలు చేయించిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ కార్యక్రమంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకొన్నది పరీక్ష పద్ధతి. పిల్లలు పుస్తకం తెరిచి చూసుకొంటూ రాయవచ్చు, చేతితో చేసి చూపే పరీక్ష వేరుగా ఉండేది. 2002లో ప్రభుత్వం దానిని నిలిపివేయడం మన దేశపు బడి చదువుకు జరిగిన నష్టమని నేను గట్టిగా నమ్ముతాను. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రయోగం వెనుకబడడానికి పరికరాల కొరత కంటే పరీక్ష తీరే ఎక్కువ కారణం. ప్రశ్నపత్రం జ్ఞాపకాన్నే అడుగుతున్నంతకాలం ఉపాధ్యాయుడు జ్ఞాపకాన్నే సిద్ధం చేస్తాడు, అందుకు అతణ్ణి తప్పుపట్టలేం.

సిలబస్ పూర్తి కాదన్న అభ్యంతరం నేనూ విన్నాను, నేనూ అన్నాను. నా అనుభవంలో కొవ్వొత్తికి మూడు పీరియడ్లు పట్టింది. కాని ఆ తరువాత గాలి పీడనం, వ్యాకోచం, దహనం అన్న మూడు పాఠాలకు కలిపి పట్టవలసిన సమయంలో సగం కూడా పట్టలేదు. అరవై మంది ఉన్న తరగతిలో ఇది కష్టమే, అందుకే గుంపులు కావాలి. మంట, సున్నం వంటివి ఉన్నప్పుడు పెద్దలు పక్కన ఉండాలి, జడలు వెనక్కి కట్టుకోవాలి, సున్నం కంట పడకుండా చూసుకోవాలి. గాఢ ఆమ్లాలను ఈ వయసు పిల్లల చేతికి ఇవ్వనే కూడదు.

మీకు నా విన్నపం ఇది. విద్యార్థుల పేజీలో ప్రయోగం వేసిన రోజే జవాబు వేయకండి. చేయవలసిన పని, అడగవలసిన ప్రశ్న మాత్రమే వేసి, పిల్లలు ఏమి చూశారో రాసి పంపమనండి. వారి మాటలను వారి మాటలుగానే, భాష దిద్దకుండా, మరుసటి వారం అచ్చువేయండి. వివరణ ఆ తరువాత ఇవ్వండి. పల్లెల్లో దొరకని సామాను అడిగే ప్రయోగాలను పక్కన పెట్టండి. ఈ ఉత్తరం చదివే విద్యాశాఖ అధికారులకు ఒక్క మనవి: పగిలిన బీకరుకు ఉపాధ్యాయుడి నుంచి సంజాయిషీ అడిగే పద్ధతి తీసివేసి, ఏడాది చివర ఒక్కటీ పగలని బీరువాకు సంజాయిషీ అడగండి. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు, పాతపట్నం వారూ పర్లాకిమిడి వారూ, రెండు నెలలకొకసారి ఒకచోట కూర్చుని ఒకరి ప్రయోగాలు ఒకరు చేసి చూసుకొనే వీలు కల్పించండి. మధ్యలో ఉన్నది ఒక నది, ఒక రాష్ట్రపు హద్దు, అంతే.

మొదటి ప్రశ్నగా మూడు కొవ్వొత్తుల ప్రశ్ననే వేయమని కోరుతున్నాను. ఈ ఉత్తరంలో నేను కారణం చెప్పేశాను కనుక దీనిని పెద్దల పేజీలోనే ఉంచి, పిల్లల పేజీలో ఈ రెండు వాక్యాలు మాత్రం వేయండి: ‘గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టి ఒకసారి ఒకటి, మరోసారి మూడూ వెలిగించండి. నీరు ఎప్పుడు, ఎంతవరకు ఎక్కిందో కాగితపు పట్టీ మీద గీత పెట్టి పంపండి.’ మా వైపు బడుల నుంచి వచ్చే పట్టీలను పోగుచేసి, తెలుగులో రాసినవి తెలుగులోనే, ఒడియాలో రాసినవి పక్కన తెలుగు చేసి, మీ కార్యాలయానికి పంపే బాధ్యత నేను తీసుకొంటాను.

ఇట్లు,
విశ్రాంత విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.